నవలలో కౌగిలించుకున్న తండ్రులు

కువైట్‌లో మా తెలుగు సంఘం పెద్దమనిషి ఒకాయన రాసిన నవల చదివి ఏడవనివాళ్లు లేరని చెప్పుకుంటారు. కొడుకుల్ని పోగొట్టుకున్న ఇద్దరు తండ్రులు, ఒకడు అరబ్బు, ఒకడు మనవాడు, చివర్లో సముద్రపు ఒడ్డున ఒకరినొకరు పట్టుకుని బావురుమంటారు. ఇద్దరి కన్నీళ్లకూ రంగు ఒకటేనని ఆఖరి వాక్యం. అసలు కన్నీళ్లకు రంగే ఉండదని ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు.

ఆ ఇద్దరు తండ్రుల మధ్య కూర్చున్నవాణ్ణి నేను. కౌగిలింత లేదు. సముద్రం నాలుగు వీధుల అవతల ఉంది, అటు ఎవరూ వెళ్లలేదు. జరిగింది వేరు. అది చెప్పాలంటే నా బండారం కూడా బయట పెట్టుకోవాలి, అందుకే ఇన్నాళ్లు ఊరుకున్నాను.

నేను రిగ్గైలో ఒక టైపింగ్ ఆఫీసులో పని చేస్తాను. ఇఖామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే పర్మిట్టు, దాని ఫారాలు, ఫిర్యాదులు, పెళ్లి కాగితాలు, చావు కాగితాలు అరబ్బీలో టైపు చేసి ఇవ్వడం నా పని. మాది కోనసీమ. వచ్చిన కొత్తలో ఒక లాయరు దగ్గర గుమాస్తాగా ఉండి, రాత్రీ పగలూ కుస్తీ పట్టి ఆ భాష నేర్చుకున్నాను. వ్యాకరణం తప్పకుండా మాట్లాడగలను. ఆ గర్వం నాకు కాస్త ఎక్కువే. డ్రైవర్లూ వంటవాళ్లూ మాట్లాడే వంటింటి అరబ్బీ వింటే, పప్పులో రాయి తగిలినట్టు మొహం పెట్టేవాణ్ణి.

ఒక చలికాలం పొద్దున, ఆఫీసు తలుపు తీయగానే రాయచోటి ఆయన ఒకడు లోపలికొచ్చాడు. యాభై దాటి ఉంటాయి. ఇస్త్రీ చొక్కా, చేతిలో పాస్‌పోర్టు. కౌంటరు మీద పెట్టి, "సార్, మా వాన్ని ఇండియాకు పంపియ్యాల," అన్నాడు.

నేను తల ఎత్తకుండానే, "లీవా, ఫైనల్ ఎగ్జిట్టా?" అన్నాను.

ఆయన పాస్‌పోర్టును ఇంకాస్త నా వైపు జరిపాడు. "బాడీ సార్," అన్నాడు.

అప్పుడు తలెత్తాను.

ఆయన ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. ఇరవైయేళ్లుగా అదే ఇల్లు, ఆ ఇంటి వెనకే గది. కొడుక్కి ఇరవై నాలుగు. రెండేళ్ల కిందట తనే వీసా తీయించి రప్పించుకున్నాడు. ఆ అబ్బాయి మహబూలాలో తిండి డెలివరీ చేసే బండి నడిపేవాడు. ముందురోజు సాయంత్రం సముద్రపు రోడ్డు మీద ఒక కారు వెనకనుంచి గుద్దింది. కారులో ఇద్దరు కువైటీ అన్నదమ్ములు. నడుపుతున్నవాడికి ఇరవై ఉంటాయేమో. బండిని గుద్ది, స్తంభానికి కొట్టుకుంది. పక్కన కూర్చున్న తమ్ముడు, పదిహేడేళ్లవాడు, అక్కడికక్కడే పోయాడు. అన్నకు చెయ్యి విరిగింది.

మర్నాటి పేపర్లో రెండు వాక్యాల వార్త వచ్చింది. ఒక పౌరుడు, ఒక ఆసియా వాసి మృతి అని. ఆసియా ఎంత పెద్దదో, అందులో రాయచోటి ఎక్కడుందో వెతుక్కోవలసిన బాధ్యత చదివేవాడిది.

ఆ పదిహేడేళ్లవాణ్ణి అప్పటికప్పుడే ఖననం చేశారు. ఈ అబ్బాయి మార్చురీలో ఉన్నాడు. పోలీసు కాగితం ఉంటే గాని ఆస్పత్రి కాగితం ఇవ్వదు, ఆస్పత్రి కాగితం లేనిదే ఎంబసీ ముద్ర పడదు, కంపెనీ సంతకం లేనిదే ఏదీ కదలదు. కంపెనీవాళ్లు డెలివరీ పెట్టె, హెల్మెట్, ఇచ్చిన టీషర్టులు అన్నీ తిరిగి అప్పజెప్పినట్టు రాసిస్తేనే సంతకం పెడతామన్నారు. ఆయన మహబూలా గదికి వెళ్లి అన్నీ సంచిలో వేసుకొచ్చాడు. లెక్క చూసిన గుమాస్తా టీషర్టు ఒకటి తక్కువుందన్నాడు. అది ఆ పిల్లవాడి ఒంటి మీద ఉందని నేనే చెప్పాల్సొచ్చింది. ఆ గుమాస్తా కాసేపు ఆలోచించి, అలాగైతే ఆ సంగతి రాసివ్వమన్నాడు. నేను టైపు చేశాను. వ్యాకరణం తప్పకుండా.

మూడో రోజున జరిగింది ఆయన నాకు తర్వాత చెప్పాడు. యజమాని వారం సెలవిచ్చాడట. కానీ కాగితాలు వస్తాయని కాచుకుని గదిలో కూర్చోలేక, ఆయనే వెళ్లి బండి తీస్తానన్నాడు. సాయంత్రం యజమాని ఒక పరామర్శకు వెళ్లాలన్నాడు. ఇక్కడ చావు జరిగిన ఇంట్లో మూడు రోజులు మగవాళ్లు దివానియాలో, అంటే బయటివాళ్లు వచ్చి కూర్చునే పెద్ద గదిలో, వరసగా నిలబడతారు. ఊరంతా వచ్చి చెయ్యి కలిపి ఒక మాట చెప్పి పోతుంది. యజమానిని దింపి, ఆయన బయట మిగతా డ్రైవర్లతో నిలబడ్డాడు. ఒక శ్రీలంక డ్రైవరు చెప్పాడట, ఈ ఇంటి చిన్నకొడుకేనంట పోయింది, పెద్దోడు తాగలేదుగాని జోరుగా తోలాడంట, ఎవరో డెలివరీవాణ్ణి కూడా లేపేశాడంట అని.

యజమానికి తెలియదు. తన డ్రైవరు కొడుకు రోడ్డు మీద పోయాడని తెలుసు. స్నేహితుడి కొడుకు రోడ్డు మీద పోయాడనీ తెలుసు. రెండూ ఒకే రోడ్డని ఆయన బుర్రకు తట్టలేదు. అలా తట్టకుండా ఉండే బుర్రలు ఒక్క అరబ్బులకే ఇచ్చాడు దేవుడని నేను అనుకోను.

"మరి మీరేం చేశారు?" అని అడిగాను.

"లోపలికి పోయినా సార్."

చెప్పులు విడిచి, వరసలో నిలబడ్డాడు. ముందూ వెనకా తెల్లటి పొడుగు చొక్కాల పెద్దమనుషులు. చావింటికి వచ్చిన ముస్లింను ఎవరూ అడ్డుకోరు. ఆయన వంతు వచ్చింది. ఆ తండ్రి చెయ్యి పట్టుకుని, ఇరవైయేళ్లుగా వింటున్న మాటే అన్నాడు: "అజ్జమల్లాహ్ అజ్రక్." ఈ దుఃఖానికి దేవుడు నీకు గొప్ప ఫలమివ్వాలని దాని అర్థం. ఆ తండ్రి మొహం కూడా చూడకుండా, అందరికీ చెబుతున్న జవాబే ఈయనకూ చెప్పాడు: "అజ్రనా వ అజ్రక్." మాకూ, నీకూ అని.

ఈయన బయటికొచ్చి కారులో కూర్చున్నాడు. అక్కడిచ్చే కాఫీ తాగలేదు.

శవంతోపాటు ఊరికి పోయి, నలభై రోజుల తర్వాత తిరిగొచ్చాడు. ఆడపిల్లలిద్దరి చదువులున్నాయి, రాక తప్పదు. వచ్చిన వారానికే, చిన్నకొడుకు పోయిన ఆ కువైటీ ఇంటి మందూబ్, అంటే ప్రభుత్వ ఆఫీసుల చుట్టూ తిరిగే పనివాడు, నన్ను వెతుక్కుంటూ మా ఆఫీసుకొచ్చాడు. చేతిలో తనాజుల్ కాగితం. చనిపోయినవాడి తండ్రి నేను క్షమిస్తున్నాను అని సంతకం పెడితే, కేసు పూర్తిగా పోకపోయినా, కోర్టు పెద్దకొడుకు మీద కాస్త మెత్తబడుతుంది. అందులో "మృతుడైన ఆసియా వాసి తండ్రి" అని రాసి ఉంది, కింద వేలిముద్రకు గడి గీసి ఉంది. ఆయన చక్కగా సంతకం పెట్టగలడని కనుక్కోవాలని ఎవరికీ అనిపించలేదు.

చట్టప్రకారం రావలసిన సొమ్ము గురించి ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు, అది తల్లి పేరిట వెళ్లింది, నేనూ దాన్ని పక్కన పెడతాను. మందూబ్ మాత్రం దాని గురించి చాలా మాట్లాడాడు. నేను ఫోను చేస్తే వచ్చిన రాయచోటి ఆయన అంతా విని, "కాగితంతో కాదు, ఆ మనిషితో మాట్లాడాల," అన్నాడు. నాతో, "మీరు రావాల సార్," అన్నాడు.

"నేనెందుకు? మీకు అరబ్బీ వచ్చు కదా."

"నాకు అరబ్బీలో 'సరే బాబా' అనడం ఒకటే బాగ వచ్చు సార్. ఈపొద్దు ఆ మాట అనను. నేను తెలుగులో చెప్తా. మీరు ఆయప్పకు చెప్పండి."

నాకు సంతోషమైంది. చావు విషయంలో సంతోషం ఏమిటని అడగకండి. పెద్ద దివానియాలో, పెద్ద మనుషుల ముందు నా అరబ్బీ వినిపించే అవకాశం నాకు అంతకుముందు రాలేదు. ఆ పొద్దు కొత్త చొక్కా వేసుకున్నాను.

ఆ కువైటీ తండ్రికి అరవై లోపే ఉంటాయి, కానీ చెంపలు లోపలికి పోయి ఉన్నాయి. పక్కన ఆయన పినతండ్రి, ఇంకో ఇద్దరు చుట్టాలు, మందూబ్. టీ ఇచ్చారు. ఆ తండ్రి ఈయన్ని "సదీఖ్" అని పిలిచాడు. స్నేహితుడా అని అర్థం, పేరు కనుక్కోవడం ఇష్టంలేని ఆసియావాళ్లందరికీ ఇక్కడ ఆ మాటే. ఇదంతా దేవుడి రాత అన్నాడు, నీ కొడుకు నా కొడుకే అన్నాడు. నేను తెలుగులో చెప్పాను.

రాయచోటి ఆయన టీ గ్లాసు పట్టుకుని నిమ్మళంగా మాట్లాడాడు. "నా కొడుకు ఆయన కొడుకు ఎట్లయితాడు సార్. ఆయన కొడుక్కు మూడు దినాలు ఊరంతా వచ్చింది. నా కొడుకుది టీషర్టు అడిగినారు. మూడో దినం నేను ఈ గదికే వచ్చినా. ఆయప్ప చెయ్యి పట్టుకుని చెప్పాల్సిన మాట చెప్పినా. ఆయప్ప 'మాకూ నీకూ' అన్నాడు. నేనెవరో తెలీకుండా అన్నాడు. అది తెలిసి అనాల. నా కొడుకు పండుకున్న రూముకు రావాల, మహబూలాకు. వచ్చి, కూసోని, ఆ మాట అనాల. ఆమీట సంతకం పెడతా. ఇంతే చెప్పండి."

అందరూ నా వైపు చూశారు.

ఆ క్షణంలో నేనేం ఆలోచించానో నాకు బాగా గుర్తుంది. ఈ మాటలు ఇలాగే చెబితే ఆ పినతండ్రి లేచి పొమ్మంటాడేమో, ఆ కోపం నా మీద పడుతుందేమో, నా ఇఖామా మీద ఎవరి చూపైనా పడుతుందేమో అనుకున్నాను. ఇది భయం, దీన్ని క్షమించవచ్చు. కానీ దాని పక్కనే ఇంకోటి ఉంది. ఇలాంటి గరుకు మాటలు నా చక్కటి అరబ్బీలో ఇమడవని కూడా అనుకున్నాను. దీన్ని ఏం చేయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

"అయ్యా, మీ ఆదరానికి ఆయన కృతజ్ఞుడు. మీ అబ్బాయి కోసం ఆయన ప్రార్థిస్తున్నాడు. మీ ప్రార్థనల్లో తన కొడుకును కూడా తలచుకోమని వేడుకుంటున్నాడు," అన్నాను. మంచి పదాలు పడ్డాయి. పినతండ్రి తల ఊపి, ఎక్కడ నేర్చుకున్నావు ఇంత మంచి భాష, అన్నాడు. మందూబ్ పెన్ను తీశాడు.

రాయచోటి ఆయన గ్లాసు కింద పెట్టాడు. నా మొహం చూశాడు. ఆ తర్వాత ఆ తండ్రి వైపు తిరిగి అరబ్బీలో అన్నాడు: "హాదా కలామ్ మూ కలామీ." ఈ మాట నా మాట కాదు.

తనకు వచ్చిన అరబ్బీలో తనే చెప్పాడు. ఇరవైయేళ్లు ఆ ఇంట్లో ఆయన విన్న క్రియలన్నీ ఆజ్ఞలే. రా, పో, తే, ఆపు. ఆయనకు వచ్చిన క్రియలూ అవే. అందుకని అడగడానికి నోరు తెరిస్తే ఆజ్ఞ బయటికొచ్చింది. "నేను ఇక్కడికి రా. నీ చెయ్యి పట్టు. నువ్వు 'మాకూ నీకూ' చెప్పు. నువ్వు నన్ను తెలియదు. ఇప్పుడు తెలుసు. నా కొడుకు రూముకి రా. కూర్చో. అక్కడ చెప్పు. తర్వాత కాగితం."

పినతండ్రి మొహం ఎర్రబడింది. ఒక డ్రైవరు మనల్ని రమ్మంటున్నాడా అన్నాడు. ఆ తండ్రి చెయ్యెత్తి ఆపాడు. రాయచోటి ఆయన్ని చాలాసేపు చూశాడు. వరసలో చెయ్యి కలిపిన వందల మొహాల్లో ఈ మొహాన్ని వెతుక్కుంటున్నాడని నాకనిపించింది. దొరికిందో లేదో తెలియదు.

"ఎన్నో అంతస్తు?" అని అడిగాడు.

"నాలుగు. లిఫ్ట్ పాడు."

"ఆదివారం సాయంత్రం, అసర్ నమాజు తర్వాత."

తిరిగి వస్తుంటే కారులో ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆయన తిడితే జవాబివ్వడానికి నా దగ్గర చాలా కారణాలు సిద్ధంగా ఉన్నాయి. రిగ్గైలో దింపి, "దిగండి సార్, వెనక బండ్లొస్తాండాయి," అన్నాడు.

ఆ ఆదివారం కువైటీ రాలేదు. మందూబ్ ఫోను చేసి పని పడిందన్నాడు. తర్వాతి ఆదివారమూ రాలేదు. నాకు లోపల్లోపల తృప్తిగా ఉంది, చూశారా, నేను తర్జుమా చేసిందే సరైనది అని. మూడో ఆదివారం వచ్చాడు.

మహబూలాలో ఆ గది ఎనిమిది మందిది. మంచం మీద మంచం. గోడకు హెల్మెట్లు. ఆ అబ్బాయి మంచాన్ని నెల తిరక్కుండానే ఇంకొకరికి ఇచ్చేశారు, కువైట్‌లో మంచం ఖాళీగా దుఃఖించదు. ఆ కొత్త కుర్రాణ్ణి అడిగి, తండ్రి దాని మీద ఉతికిన దుప్పటి పరిచాడు. ఖర్జూరాలు, ఫ్లాస్కులో అరబ్బు కాఫీ, పిడిలేని చిన్న కప్పులు తెచ్చిపెట్టాడు. నన్నూ రమ్మన్నాడు. ఎందుకు రమ్మన్నాడో ఇప్పటికీ అడగలేదు. నన్ను మాట్లాడమని మాత్రం ఎవరూ అనలేదు.

కువైటీ నాలుగంతస్తులెక్కి ఆయాసపడుతూ వచ్చాడు. వెనక వచ్చిన మందూబ్ ముక్కుకు చెయ్యి అడ్డంపెట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. ఈసారి కువైటీ సదీఖ్ అనలేదు. "అబూ" అని, ఆ అబ్బాయి పేరు చేర్చి పిలిచాడు. ఫలానావాడి తండ్రీ అని. వాళ్లలో పిల్లలున్న మగవాణ్ణి గౌరవంగా అలాగే పిలుస్తారు. ఇరవైయేళ్లలో ఈయన్ని ఈ దేశంలో ఎవరూ అలా పిలిచింది లేదు. ఆ పేరు కేసు కాగితంలో చూసి నేర్చుకుని వచ్చి ఉంటాడు, మెట్ల మీద వల్లెవేసుకుని కూడా ఉంటాడు. ఉండనీ, నేర్చుకుని వచ్చాడు.

"అజ్జమల్లాహ్ అజ్రక్," అన్నాడు, చెయ్యి పట్టుకుని.

"అజ్రనా వ అజ్రక్," అన్నాడు ఈయన. మాకూ, మీకూ.

కువైటీ ఆ మంచం మీదే కూర్చున్నాడు. పై మంచం తలకు తగలకుండా ముందుకు వంగాల్సి వచ్చింది. ఈయన ఎడమచేత్తో ఫ్లాస్కు పట్టి కుడిచేత్తో కప్పు అందించాడు, వాళ్లిళ్లలో చూసినట్టే. వంటగదిలో కుక్కరు కూస్తోంది.

అప్పుడు కువైటీ కప్పులోకి చూస్తూ అన్నాడు. "ఆ రోజు చిన్నవాణ్ణి కారెక్కమన్నది నేనే. వాడు రానన్నాడు. పెద్దవాడు జోరుగా నడుపుతాడు, పక్కన తమ్ముడుంటే భయంతో మెల్లగా పోతాడనుకున్నాను."

ఈయన ఫ్లాస్కు మూత బిగించి, తనకొచ్చిన అరబ్బీలోనే, "వీసా నేను పంపినా. వాళ్లమ్మ వద్దనింది," అన్నాడు.

నీ తప్పు కాదని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. కువైటీ కళ్లు తుడుచుకున్నాడు. ఈయన తుడుచుకోలేదు, కప్పులు కడగడానికి లేచాడు. అంతా పావుగంట. పోతూ పోతూ కువైటీ గది అంతా చూసి, ఎంతమంది ఉంటారని అడిగాడు. ఎనిమిది అన్నాను. గోడకున్న ఏసీ వంక చూసి మందూబ్‌తో ఏదో అన్నాడు. రెండు రోజుల్లో కొత్త ఏసీ వచ్చింది. మరుసటి నెల నుంచి, కొత్త ఏసీ ఉన్న గది కాబట్టి, బిల్డింగు హారిస్, అంటే కాపలా చూసేవాడు, మంచానికి ఇంతని అద్దె పెంచాడు. కువైటీకి ఈ సంగతి తెలియదు, ఎవరూ చెప్పలేదు. దాతలకు అలాంటివి చేరవు.

మర్నాడు ఈయన ఆఫీసుకొచ్చి సంతకం పెట్టాడు. వేలిముద్ర గడిని కొట్టేసి, పైన పూర్తి పేరు రాశాడు.

"అయితే మాఫ్ చేసినట్టేనా?" అని అడిగాను.

"సంతకం చేసినా సార్. మాఫ్ అనేది ఒకసారి చేస్తే అయిపోయే పని గాదు. పొద్దున చేస్తా. సాయంత్రానికి ఉండదు. మళ్లా చెయ్యాల."

ఇది నవలలో లేదు.

నవల సంగతికొస్తే, తప్పు నాదే. ఫహాహీల్‌లో ఆ పెద్దమనిషి ఫ్లాట్‌లో ఒక శుక్రవారం భోజనానికి పిలిచారు. ఆయన ఆయిల్ రంగంలో పెద్ద ఇంజనీరు, సంఘంలో సాహిత్య విభాగం ఆయనదే. గుత్తివంకాయ తింటూ నేను ఈ కథంతా చెప్పాను. దివానియా దగ్గరకొచ్చేసరికి, ఆయన తెలుగులో చెప్పాడు, నేను ఉన్నదున్నట్టు తర్జుమా చేశాను అన్నాను. నోరు తొట్రుపడలేదు. అబద్ధం కూడా నాకు వ్యాకరణం తప్పకుండా వస్తుంది. ఆయన ఫోనులో నోట్సు తీసుకున్నాడు. ఆయన భార్య కళ్లొత్తుకుంది.

ఏడాదికి నవల అచ్చయి వచ్చింది. డ్రైవరు గోదావరి జిల్లా రైతయ్యాడు. పొట్టకూటికి ఎడారికొచ్చిన కొబ్బరితోట ఆసామి. మెడలో రుద్రాక్ష. కొడుకు పోయాక గీతాశ్లోకం చదువుతాడు. అరబ్బు తండ్రి అది విని కరిగి సముద్రం దగ్గరికి తీసుకెళతాడు. మధ్యలో తర్జుమాకారుడు ఒకడు, నిలువెత్తు మనిషి. ప్రాణభయం లేకుండా ఒక్క అక్షరం పొల్లుపోకుండా నిజం చెబుతాడు. దివానియా దద్దరిల్లుతుంది.

"రాయచోటి ముస్లిం కదండీ ఆయన?" అన్నాను, రచయితతో.

"తెలుసు మాస్టారూ. కానీ రీడర్ కనెక్ట్ అవ్వాలి కదా. జాతి వివక్ష మీద రాస్తున్నప్పుడు మళ్లీ మతం తెస్తే ఫోకస్ పోతుంది."

అరబ్బులు మనల్ని పేరు లేని ఆసియావాళ్లుగా చూస్తారని మూడు వందల పేజీలు రాసినాయన, ఒక మనిషి పేరు, ఊరు, దేవుణ్ణి ఊడబీకి ఆ పేజీల్లో పెట్టాడు. అది వివక్ష కాదు, ఫోకస్.

ఆవిష్కరణ సభకు రాయచోటివాళ్లను ఎవర్నీ పిలవలేదు. వాళ్లకు వాళ్ల సంఘాలున్నాయి కదండీ, అన్నారు. పిక్నిక్‌లో డ్రైవర్లకూ మెయిడ్లకూ భోజనాల వేళ వేరుగా పెడితే రద్దీ తగ్గుతుందని కిందటేడు తీర్మానం చేసిన కమిటీయే ముందు వరసలో కూర్చుని కళ్లొత్తుకుంది. నాకు శాలువా కప్పారు. ఆ తర్జుమాకారుడు మన మధ్యే ఉన్నాడు అంటే లేచి నమస్కారం పెట్టాను. చప్పట్లు బాగా మోగాయి. నాకు సిగ్గనిపించింది అని రాస్తే బాగుంటుంది. ఆ పూట అనిపించలేదు. శాలువా మంచి రకం.

సిగ్గు తర్వాత వచ్చింది. రాయచోటి ఆయన ఒకసారి, "నా మీద పుస్తకం రాసినారంట గదా సార్, చదివి వినిపియ్యండి," అన్నాడు. ఒక మధ్యాహ్నం యజమాని మనవళ్ల బడి బయట కారులో కూర్చున్నాం. దివానియా అధ్యాయం చదివాను. ఆయన స్టీరింగు మీద చేతులు పెట్టుకుని విన్నాడు.

"ఈ ఆయప్ప ఎవరు సార్?"

"మీరే."

"నేనా," అని నవ్వాడు. "నేను కొబ్బరి చెట్టు ఎక్కిందే లేదు." కాసేపటికి నవ్వు ఆగింది. "మా వాన్ని గూడా మార్చినారా?"

"మార్చారు. కోనసీమలో పుట్టినట్టు రాశారు."

ఆయన అద్దంలోంచి బడి గేటు వైపు చూశాడు. "ఉన్నన్నాళ్లు మా ఇంట్లో ఉండె. ఇప్పుడు వేరేవాళ్లింట్లో పుట్టినాడు," అన్నాడు. తర్వాత, "ఆ అరబ్బీలో చెప్పిన సారు ఎవరు?"

పుస్తకం మూశాను. "నేను."

ఆయన నా వైపు తిరిగి, ఏ వెటకారమూ లేకుండా, "బాగ చెప్పినాడు సార్ ఆయన," అన్నాడు.

ఆ తర్వాతి సంఘం సమావేశంలో లేచి జరిగింది జరిగినట్టు చెప్పాను, నా తర్జుమాతో సహా. ఎవరో గొంతు సవరించుకున్నారు. అధ్యక్షుడు, ఫిక్షన్ ఫిక్షనే కదండీ, అన్నాడు. రచయిత మాత్రం నొచ్చుకోలేదు. "మీరు చెప్పినట్టు రాస్తే ఎవరు ఏడుస్తారండీ?" అన్నాడు. ఆయన చెప్పింది నిజం. ఎవరూ ఏడవరు. ఆ రోజునుంచి నన్ను వేదిక మీదికి పిలవడం మానేశారు, శాలువా మాత్రం తిరిగి అడగలేదు.

పెద్దకొడుకు కొన్నాళ్లు లోపల ఉండి బయటికొచ్చాడు. రాయచోటి ఆయన ఇంకా ఆ ఇంట్లోనే డ్రైవరు. కువైటీ తండ్రి ప్రతి పండక్కీ ఫోను చేస్తాడు. ఈయన ఒక్కోసారి ఎత్తుతాడు, ఒక్కోసారి మోగనిస్తాడు. ఎందుకని అడిగితే, "ఎత్తబుద్ధి అయితే ఎత్తుతా," అంటాడు. స్నేహం అనను. ఇద్దరూ కలిసి ఒక పూట భోంచేసింది లేదు. ఆ ఇంటికి ఈయన మళ్లీ వెళ్లింది యజమానిని దింపడానికే.

మొన్న బక్రీదు మర్నాడు ఫోను మోగినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఈయన ఎత్తాడు. ఎక్కువగా వింటూ, తక్కువగా మాట్లాడుతూ, ఐదు నిమిషాలు. పెట్టేశాక, ఏమన్నాడని అడిగాను.

"పెద్దోడు ఇంట్లో మాట్లాడ్డంట సార్. గదిలోనుంచి బయటికి రాడంట. ఏం చెయ్యాల్నో నన్నడుగుతాండాడు."

"మీరేం చెప్పారు?"

"నాకేం తెలుసు. మగపిల్లోడు నాకు ఒకడే ఉండె గదా అని చెప్పినా," అన్నాడు. ఫోను జేబులో పెట్టుకుంటూ, "ఫోను పెట్టలేదు ఆయప్ప. నేనూ పెట్టలేదు. ఆమీట, వాన్ని రోజూ అన్నానికి పిలువు, రాకపోయినా పిలువు అని చెప్పినా," అన్నాడు.